మందు ముందు, వత్తి ఎనక

నౌపడ, ఏప్రిల్ 2015

నా బంగారు గుంట అనూరాధకి,

తాత రాస్తన్నాడు. ఫోన్లో నీ మాట నాకు వినపడదు, నా కోపం నీకు తెలవదు. అందుకే కాగితం.

సెలవుల్లో నువ్వు మనింట్లో ఒగ్గేసిన మందు కూరిన రాకెట్టు మోటార్లూ, వాటిని అంటించే వత్తులూ ఒకే సంచిలో ఎట్టి, మీద వంకాయలు కప్పి, మంటబొమ్మ స్టిక్కరు పీకేసి విజయనగరం రైలెక్కమన్నావు. మీ కాలేజీ రాకెట్ల పోటీ దగ్గరికొచ్చేసిందట. ఏటే, సదువుకున్నది నువ్వా నానా? మందు రైల్లో తేకూడదనీ, వత్తి దాంతో కలపకూడదనీ నువ్వే సదివి సెప్పినావు కదే!

అమ్మోరి పండక్కి జువ్వలు కట్టిన ఇల్లు మనది. మన కట్టుబాటు ఒకటే. మందు మోసేవోడు ముందు నడవాల. వత్తి మోసేది ఎనకాల దూరంగా రావాల. ముందోడు ఎనక్కి తిరగకూడదు. మందులో తేడా ఉందని ఎనకమనిషికి తోస్తే వత్తి తడిపేస్తాది. ఇంక ఆ జువ్వ ఎవుడూ ఎలిగించడు, ఎందుకని అడగడు. ఆ ఎనకమనిషి మీ మామ్మ తాయారు. అది సచ్చిపోయి రెండేళ్లు.

అందుకని మోటార్లు మాత్రం ఉప్పుమళ్ల గట్టు మీదుగా నడిచి రోడ్డుకి తెస్తాను. కాలేజీ జీపు పంపు. వత్తులు పెట్టిలో ఎట్టి తాళమేసినాను. మోసే మనిషి నేదు. కావాలంటే నువ్వొచ్చి పట్టుకెళ్లు.

నీ మొండి తాత,
అప్పలసూరి


అనూరాధా,

ఉప్పులారీ మీద ఈ కాగితం పంపుతన్నాను. అందగానే అన్నీ ఆపు.

మిట్టమజ్జానం బయల్దేరినాను. ఉప్పు తెల్లగా మండతన్నాది. కాకి కూడా నేదు. గట్టు సగం దాటేక ఎనకాల ఉప్పుపెళ్ల నలిగిన సప్పుడు. నాను నడిస్తే నడుస్తాది, ఆగితే ఆగుతాది. మట్టెల సప్పుడూ ఉన్నాది. భయమేసింది, దాయను. అయినా తిరగనేదు.

మీ జీపు డ్రైవరు హరిబాబు మోటార్లు అందుకుని, "వత్తులేవి తాతా?" అన్నాడు.

"తేనేదు."

ఆడు నా భుజం మీంచి సెయ్యి సాపి వత్తుల డబ్బా అందుకున్నాడు. "తేనేదంటావేటి, మామ్మ తెచ్చింది కదా! అయ్యో, మామ్మ సెయ్యంతా తడే. రా మామ్మా, ఇంటికాడ దిగబెడతాను."

నాను అప్పుడూ తిరగనేదు. జీపు ఎల్లిపోయేక తిరిగితే గట్టంతా ఖాళీ.

ఇంటికొచ్చి సూస్తే ఏసిన తాళం ఏసినట్టే ఉన్నాది. తాళంసెవి నా మొలతాడుకే ఉన్నాది. పెట్టిలో వత్తులు నేవు. అడుగున ఉప్పునీటి సెమ్మ.

నవ్వితే నవ్వు. వత్తులు తడిసుంటాయి, సూసుకో. వేరేవి కొని ఎలిగించకు. మీ మామ్మ తడిపింది.

తాత


అనూరాధమ్మా,

పోటీ పోయిందని ఏడ్సినావనీ, నన్ను తిట్టుకుంటూనే మోటార్లు మీ మాస్టారికి సూపించినావనీ రాసినావు. మనింటి వేడికి లోపల మందు నిలువునా పగిలిందట. ఎలిగించుంటే నీ మొహం మీదే పేలేదట. మీ తాత ఎలా కనిపెట్టినాడని ఆయన అడిగినారట. నాను కనిపెట్టనేదని సెప్పు. ముందు నడిసేవోడికి ఏటీ కనపడదు.

వచ్చే ఏడు పోటీకి కొత్తవి తెస్తే స్టిక్కరు పీకకు. వత్తులు వేరే డబ్బాలో ఎట్టు. మోటార్లు నాను మోస్తాను. వత్తులకి మనిషిని ఎతక్కు.

ఆ పెట్టికి తాళమేయడం మానేసినాను.

మీ తాత,
అప్పలసూరి