ఏనుగుల్ని పీకేసిన హోటల్

అష్టమి, గురువారం

నా పేరు నాగరత్నమ్మ. వయసు డెబ్బై అయిదని పాస్‌పోర్టులో ఉంది, మా అమ్మ లెక్కలో ఇంకాస్త ఎక్కువే. ఉండేది దేశం కాని దేశంలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో, మా అమ్మాయి పద్మ ఇంట్లో. పద్మ, అల్లుడు గారు, మనవరాలు అనూ, నేను — ఇదీ ఇల్లు. నాకు చదవడం రాదు, రాయడం రాదు. నేను చెబుతుంటే పక్క బిల్డింగ్ సరోజమ్మ రాస్తోంది. కరీంనగర్ మనిషి, టీచరు పని చేసి రిటైరయింది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆవిడే చెప్పుకుంటుంది. ఉందో లేదో నేనెలా చెప్పేది.

ఎందుకు రాయిస్తున్నానంటే — నిన్న సాయంత్రం మా అమ్మాయి నా కొంగున ఉన్న ఇంటి తాళంచెవి విప్పుకుంది. 'డాక్టర్ చూసేదాకా ఒక్కదానివీ బయటికి వెళ్ళొద్దమ్మా.' నాకు మతి తప్పుతోందట. మంగళవారం అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. ఆ డాక్టరు ఊఁ అంటే తాళంచెవి ఇక రాదు. పార్కు లేదు, ఇండియన్ స్టోర్ లేదు, బస్సు లేదు. సోఫాలో కూర్చుని ఎవరో ఒకరు తోడు రావాలని చూడ్డమే.

నాకేం తప్పలేదు. జరిగింది జరిగినట్టు చెబుతా. ఈ కాయితాలు డాక్టర్ ముందు చదవాలి.

నిన్న సప్తమి, బుధవారం. మా అపార్ట్‌మెంట్ పెద్దవాళ్ళ బస్సు సముద్రం పక్క కాసినోకి వెళ్ళింది. అప్పుడప్పుడూ వెళుతుంది. నేను జూదం ఆడను. సముద్రం కోసం వెళతా, అక్కడ బఫేలో వేడన్నం పెడతారు దానికోసం వెళతా. ఒక పూట ఎవరికీ సమాధానం చెప్పకుండా కూర్చోవచ్చు, దానికోసం అన్నిటికన్నా ముందు వెళతా.

దాన్ని నేను ఏనుగుల హోటల్ అంటా. గుమ్మానికి రెండు వైపులా బంగారు రంగు ఏనుగులు, తొండాల్లోంచి నీళ్ళు. లోపల ఎర్ర కార్పెట్ పట్టుకుంటే జూదం మిషన్లు. గవ్వల బొమ్మల నీలం కార్పెట్ — బఫే. ఆకుల బొమ్మల పచ్చ కార్పెట్ — వెనక తలుపు, అది దాటితే సముద్రం. బాత్రూము తలుపు మీద గౌను వేసుకున్న ఆడబొమ్మ. ఎవర్నీ ఏదీ అడిగే పని లేదు. దొరసానిలా తిరిగేదాన్ని.

ఎవరో కొత్తవాళ్ళు కొన్నారట. పేరు మార్చారట, అంతా బాగుచేశారట. బస్సులో దారి పొడుగునా ఒకటే ఊదర.

ఏం బాగు! దిగి చూస్తే ఏనుగులు లేవు. రెండూ లేవు. వాటి చోట మెలి తిరిగిన ఇనప కడ్డీ ఒకటి నిలబెట్టారు. 'ఆర్ట్ అక్కా' అంది సరోజమ్మ. మా ఊళ్ళో అయితే దాన్ని పాత ఇనప సామాన్ల వాడికి వేసి ఉల్లిపాయలు తీసుకునేవాళ్ళు.

లోపల బూడిద. గోడలు బూడిద రంగు, నేల బూడిద రంగు, పనివాళ్ళ చొక్కాలూ బూడిద రంగే. ఎటు చూసినా అదే కార్పెట్. చీకటి. గుండెల మీద కొట్టినట్టు పాట. పైనుంచి ఏదో సెంటు చల్లుతున్నారు — తుమ్ములే తుమ్ములు. గోడల మీద సన్నటి తెల్ల అక్షరాలు. బొమ్మ అన్నది మచ్చుకి లేదు.

బఫే తీసేశారు. అన్నం లేదు! బల్ల మీద గళ్ళ గళ్ళ నల్ల మచ్చ అతికించారు, దానికి ఫోన్ చూపిస్తే ఏమేం ఉన్నాయో వస్తాయట. సరోజమ్మ చూపించింది, చదివింది, ఆర్డర్ చేసింది. నాకొచ్చింది ఏమిటయ్యా అంటే — బండి చక్రమంత పళ్ళెం, మధ్యలో నాలుగు ఆకులు, కాల్చిన కాలీఫ్లవర్ ముక్క ఒకటి, చుట్టూ ఎర్రగా ఒక గీత. తినడానికి పెట్టారా, ముగ్గు వేశారా అన్నా. ఇది కూడా రాయండి.

తర్వాత సరోజమ్మ మిషన్ ముందు కూర్చుంది. 'జర ఆగక్కా, గిప్పుడే వస్త.' వచ్చిందా? రాలేదు.

— 'అది ఎందుకక్కా డాక్టర్‌కు?' అంటోంది సరోజమ్మ, కలం ఆపి.

జరిగింది గనక. రాశారా? చదవండి. ఊఁ, సరే.

నేను సముద్రం వైపు పోదామని లేచా. పచ్చ కార్పెట్ లేదుగా. తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి తోస్తే వంటిల్లు. ఇంకోటి తోస్తే కదల్లేదు. ఈలోగా బాత్రూము అవసరం. పక్కపక్కనే రెండు తలుపులు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. గౌను బొమ్మ ఏది? ఒకటి తోశా. లోపల గోడకి తిరిగి నిలబడ్డ మగాళ్ళు. ఒకాయన కెవ్వుమన్నాడు. నేను ఆయన కంటే గట్టిగా కెవ్వుమన్నా.

బూడిద చొక్కా సెక్యూరిటీ వాళ్ళు వచ్చారు. ఒక గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు, మర్యాదగానే. నాకు నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చు. 'నేమ్?' చెప్పా. 'వాట్ డే టుడే?' — 'సప్తమి.' మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పా, చెవుడేమోనని గట్టిగా. 'వేర్ ఆర్ యూ?' — 'ఎలిఫెంట్ హోటల్.' ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. 'నో ఎలిఫెంట్, మామ్.' — 'ఎస్! నో ఎలిఫెంట్!' అదే కదా నేను మొత్తుకునేది!

ఏదో రాసుకున్నాడు. పద్మకి ఫోన్ చేశాడు. పాపం మీటింగులు వదిలి అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చింది. దారంతా నోరు విప్పలేదు. ఇంటికొచ్చి నా కొంగు ముడి విప్పింది.

నవమి, శుక్రవారం

కొంగు తేలిగ్గా ఉంది. మాటిమాటికీ చెయ్యి అక్కడికే పోతోంది.

దశమి, శనివారం

ఇవాళ అందరూ ఇంట్లోనే. పొద్దున్నే మొదలు.

'అమ్మా, నువ్వు మగాళ్ళ బాత్రూమ్‌లోకి వెళ్ళావు.'

'బొమ్మ లేదే తలుపు మీద.'

'అంత పెద్ద అక్షరం ఉందిగా!'

ఉంది. ఉంటే?

నాకు చదువు రాదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరికీ గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఒకర్ని అడక్కుండా, ఎక్కడా తప్పిపోకుండా తిరిగాను గనక మర్చిపోయారు. మతిమరుపు ఎవరిదో డాక్టర్ గారే తేల్చాలి.

పద్మ ఊరుకునే మనిషి కాదు, నా పిల్లేగా. 'పోయినసారి వెళ్ళినప్పుడు మాత్రం చదువొచ్చా? అప్పుడు బాగానే తిరిగావుగా. మరి ఇప్పుడేమైంది?' పాలు పొంగబెట్టానట. అనూని పద్మా అని పిలిచానట. పిలిచా. నలుగురు పిల్లల్ని కన్న ఏ తల్లి పేర్లు కలిపెయ్యదు? పాలు పద్మ పొంగబెట్టలేదా?

అల్లుడు గారు అరవరు. నెమ్మదిగా మాట్లాడతారు, అదే నాకు భయం. 'జాగ్రత్త కోసమే అత్తయ్యా. డాక్టర్ ఏమీ లేదంటే మనకే మంచిది కదా.'

'ఆ డాక్టరుకి నా మాట ఎవరు చెబుతారు?'

'నేనున్నాగా' అంది పద్మ.

'ఫిర్యాదు చేసింది నువ్వు. నా తరఫున మాట్లాడేదీ నువ్వే? ఇదెక్కడి కోర్టే?'

అల్లుడు గారు కాఫీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కప్పులో కాఫీ లేదు, నాకు తెలుసు.

డాక్టర్ గారికి ఇది కూడా. ఈ అపార్ట్‌మెంట్లు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. నా గుమ్మం నాకెలా తెలుసు? మెట్ల దగ్గర పగిలిన దీపం, ఎదురింటి వాళ్ళ పసుపు కుర్చీ. చంద్రవంకలా ఉండే తెల్ల మాత్ర పొద్దున, గులాబీ రంగుది అన్నం తిన్నాక. అల్లుడు గారు ఒకసారి పెట్టెలో తారుమారు చేసి పెడితే పట్టుకున్నది నేనే. ఆయన్నే అడగండి. రేపు ఆ ఎదురింటి వాళ్ళు కుర్చీ లోపల పెట్టేస్తే మాత్రం... వద్దు, అది రాయకండి.

రాసేశారా? సర్లే.

ఏకాదశి, ఆదివారం

ఉపవాసం. ఒళ్ళు తేలిగ్గా, నోరు చేదుగా.

అనూ నా మంచం మీదికి ఎక్కి కూర్చుంది. అక్కడ ఏమడుగుతారో ఫోన్‌లో చూసిందట. 'అమ్మమ్మా, క్లాక్ డ్రా చేయాలి. నంబర్స్ అన్నీ రాయాలి. దెన్ ఒక వర్డ్ వెనక నుంచి స్పెల్ చేయాలి.'

ముందు నుంచే రాదు, వెనక నుంచా!

ముళ్ళు చూసి టైం ఎంతయిందో చెబుతా, అది చాలదా? చాలదట, గియ్యాలట. పెన్సిల్ ఇచ్చింది. ఎలా పట్టుకోవాలో తెలియక చపాతీ కర్రలా పట్టుకున్నా. గీసింది వడియంలా వచ్చింది. 'ఇట్స్ ఓకే అమ్మమ్మా. యానిమల్స్ పేర్లు చెప్పు, ఎన్ని వస్తే అన్ని.' నోట్లోంచి మొట్టమొదట ఏనుగే వచ్చింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక అనూ ఊరికే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అప్పుడు భయం వేసింది.

ఒకవేళ నిజంగానే అయితే?... ఇది కొట్టేయండి సరోజమ్మా. వద్దు. ఉంచండి.

సరోజమ్మ రాసిన కాయితాలు అనూ చేతికి తీసుకుంది. తిప్పింది, మళ్ళీ తిప్పింది. ఎమ్మే చదవబోయే పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. 'ఏం రాశారో తెలీట్లేదు అమ్మమ్మా. అన్నీ సేమ్ ఉన్నాయి. రౌండ్ రౌండ్.'

'అదేనే తల్లీ. ఆ హోటల్ గోడల మీదవి నాకు అలాగే ఉంటాయి.'

కాయితం వైపు చూసింది. నా వైపు చూసింది. 'ఓ' అంది.

ఈ నాలుగు రోజుల్లో ఆ 'ఓ' ఇంకెవరూ అనలేదు.

ద్వాదశి, సోమవారం

పొద్దున్నే పారణ, పద్మే వండింది. పప్పులో ఉప్పు మర్చిపోయింది. నేనేమీ అనలేదు. ఇక్కడ రాయిస్తున్నా.

నిన్న రాత్రి లోపలి గదిలో తల్లీ కూతుళ్ళు ఇంగ్లీషులో వాదించుకున్నారు. నాకందింది 'గ్రాండ్‌మా' ఒక్కటే, చాలాసార్లు. బయటికి వచ్చేసరికి పద్మ కళ్ళు ఎర్రగా. ఇవాళ మధ్యాహ్నం గిన్నె అందిస్తూ, నా మొహం చూడకుండా — 'రేపు ఫోన్‌లో ఇంకెవరో తెలుగావిడ నీ మాట ఇంగ్లీషులో డాక్టర్‌కి చెబుతుందట. నేనే అడిగా, ఏర్పాటు చేయమని.'

'మంచిది.'

'నువ్వు చదువుకోలేదని ముందే చెప్పా వాళ్ళకి. చదువు లేనివాళ్ళకి వేరే ప్రశ్నలు ఉంటాయట.'

'మంచిది.'

'నేను నీ మీద ఫిర్యాదు చెయ్యలేదమ్మా.'

దానికి మాత్రం మంచిది అనలేకపోయా. తాళంచెవి మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

త్రయోదశి, మంగళవారం

సరోజమ్మ పొద్దున్నే వచ్చింది. మొదట్నించి చదివి వినిపించింది. మిషన్ దగ్గరికొచ్చేసరికి గొంతు చిన్నదయింది, గట్టిగా చదవమన్నా.

'వచ్చే నెల మల్ల బస్సు పోతదట అక్కా.'

'ఆ బూడిద కొంపకా?'

'సముద్రం గదే గద. దానికేం పేరు మార్చలే.'

వెళ్ళాలని ఉంది. లోపలికి పోకుండా బయట నుంచే చుట్టూ తిరిగి పోవచ్చు. ఆ ఇనప కడ్డీ ఎడం చేతి వైపు ఉంచుకుంటే గాలి ఎదురొస్తుంది. అటే సముద్రం. అసహ్యంగా ఉన్నా గుర్తు గుర్తే. ఎవరిస్తారు తాళంచెవి?

పద్మ చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది. 'అమ్మా, ఇవాళ తిథి ఏంటి?'

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. పరీక్ష పెడుతోందో, తెలుసుకోవాలనే అడిగిందో!

'త్రయోదశి. మధ్యాహ్నం నుంచి చతుర్దశి.'

ఫోన్ తీసి చూసింది. 'ఊఁ' అంది. ఫోన్ బ్యాగ్‌లో వేసింది. బ్యాగ్‌లో నా తాళంచెవి గల్లుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు, దాని రింగుకి చిన్న ఇత్తడి గంట నేనే కట్టా. చెయ్యి ఇంకా బ్యాగ్‌లోనే ఉంచి నిలబడింది. తర్వాత కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

హారన్ కొడుతోంది. వస్తున్నానే, ఆగు. సిరా లేదు ఈ ఇంట్లో, అనూ కళ్ళకి పెట్టుకునే కాటుక తెచ్చింది. వేలు ఎక్కడ పెట్టాలి సరోజమ్మా? ఇక్కడా?

నాగరత్నమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర, కాటుకతో.

సాక్షి: సరోజమ్మ. చెప్పింది చెప్పినట్టే రాసిన. మిషన్ ముచ్చట కూడా నిజమే.

సాక్షి: అనూ. తెలుగు చదవడం రాదు. చదివి వినిపించగా విని, ఇంగ్లీషులో సంతకం పెట్టింది.