పాడె లేస్తుంటే జారిన మాట

పాలకాయతిప్పలో చేపలమ్ముకునే నాగరత్నాన్ని, డెబ్బై దాటినదాన్ని. ఇంట్లో నేనూ, నీ చెల్లెలూ. నువ్వు చదవవని తెలిసే రాయిస్తున్నానే, మనవరాలా, దుర్గా.

గుడివాడ హాస్టల్లో నువ్వు పాలిపోతుంటే వార్డెను, "రక్తం తక్కువ మామ్మగారూ" అంది. నీ మెడ మీద రెండు గాట్లు చూపిస్తే దోమలంది. "ఏ దోమకమ్మా అంతంత కోరలు?" అని అక్కడే కడిగేశాను. ఏం లాభం, పది రోజులకే నీ శవం వచ్చింది.

తప్పు నాదీ ఉంది. చావు దగ్గర "వెళ్ళి రా" అనకూడదు. సెలవులయ్యాక ప్రతిసారీ నిన్ను బస్సెక్కించిన నోరు కదా, పూడ్చడానికి పాడె లేపుతుంటే "వెళ్ళి రామ్మా" అనేసింది.

వచ్చావు. ఏడాదిగా సందెవేళ గుమ్మం అవతలే నిలబడి, "రమ్మన్నావుగా నాయనమ్మా, లోపలికి పిలవవేం?" అంటావు. అన్నం తిన్నావా అని అడగబోయి నాలుక కరుచుకుంటాను.

నిన్న నీ చెల్లెలు, "అక్క వణికిపోతోందే" అంటూ గడియ తీయబోయింది. పొద్దున్నే దాన్ని చల్లపల్లి, మేనమామ ఇంటికి పంపేశాను. దాని జోలికి పోకు. రమ్మన్నది నేను. ఈ సందెకి తలుపు తీసి, గుమ్మంలో నేనే కూర్చుంటాను.

నాగరత్నం ఎడమచేతి వేలిముద్ర.
సాక్షులు: రాసిపెట్టిన సుజాత టీచరు, వద్దే వద్దే అని ఏడుస్తూనే వేలిముద్ర వేసిన పక్కింటి పోలమ్మ.