వీపు మీద చరిచిన చెయ్యి

సోమవారం, ఉదయం

బుల్లికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఫోన్ చేస్తే నన్ను సగం మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు, చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే కాగితం మీద పెట్టి మరిదిగారి చేతికిస్తున్నాను. చివరిదాకా చదువు.

నిన్న పొద్దున నీ 'వీధి కాపలా' గ్రూపులో ఒక వీడియో పెట్టావు. మా వృద్ధాశ్రమం కిటికీలోంచి ఎవరో తీసింది. నీలం యూనిఫాం, తలకు టోపీ, ముఖానికి మాస్కు పెట్టుకున్న ఆయా ఒక ముసలాయన వీపు మీద దబదబా బాదుతున్నట్టు కనిపిస్తుంది. "ఈ రాక్షసి ఎవరో చెప్పండి, సంగతి తేలుద్దాం" అని కింద రాశావు. మధ్యాహ్నానికల్లా ఎవరో మా కోడలి ఫోటో, ఇంటి గుర్తులు పెట్టేశారు.

కోడలంటే నాతో పనిచేసే ఆయా. ఆశ్రమంలో అందరికీ ఆమె కోడలే. "కోడలా, నా కళ్లజోడేదీ" అని ఒకరు, "కోడలా, నా మీద అలిగావా" అని ఇంకొకరు. "ఇంతమంది అత్తమామల్ని ఏ జన్మలో కోరుకున్నానో" అని ఆమె వాళ్లను నవ్విస్తుంది.

అసలు జరిగింది విను. ఆ ముసలాయన మా ఆశ్రమంలో ఉండే డ్రాయింగు మాస్టారు. మొన్న అన్నం తింటూ ఉండగా ఆయనకు ముద్ద గొంతుకు అడ్డం పడింది. ముఖం నల్లబడింది, మాట పెగల్లేదు. ముందుకు వంచి భుజాల మధ్య గట్టిగా చరిస్తేనే ముద్ద బయటపడింది. తేరుకున్నాక ఆయన "కాస్త మెల్లగా కొట్టొచ్చుగా" అని గొణిగాడు కూడా. నీ వీడియోలో గొంతు పట్టుకున్న ఆయన చేతులు లేవు, బయటపడ్డ ముద్ద లేదు. చరుపులు మాత్రం ఉన్నాయి.

సాయంత్రం జనం కోడలి ఇంటి మెట్లెక్కారు. ఫోన్లు పైకెత్తి పట్టుకునే వచ్చారు. తలుపు తీసింది ఆమె కూతురు. కోడలు పిల్లను లోపలికి నెట్టి తను బయటికొచ్చి "చెప్పేది వినండి" అంది. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. మెట్ల మీంచి దొర్లి మణికట్టు విరిగింది. అది కూడా వీడియో తీసి నీ గ్రూపులోనే పెట్టారు. దాని కింద చప్పట్ల బొమ్మలు.

మీ గ్రూపు చేసిన మంచిని నేను కాదనను. తప్పిపోయిన పిల్లల్ని ఇళ్లకు చేర్చారు, అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. కానీ వెతకడం వేరు, శిక్ష వెయ్యడం వేరు. ఆమె నిజంగా కొట్టి ఉన్నా, విచారించేవాళ్లున్నారు. ఆ పని మెట్ల మీద, పిల్ల కళ్లెదుట చెయ్యమని మీకెవరు చెప్పారు? నేను ఆ ఆశ్రమంలోనే పనిచేస్తానని నీకు తెలుసు. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?

ఇప్పుడు నేను పోలీసు స్టేషనుకు వెళ్తున్నాను. గ్రూపు నడిపేది ఎవరని అడిగితే నీ పేరు చెబుతాను. చెల్లెలివని దాచను. నువ్వు ఆ వీడియో ఎవరికీ కనిపించకుండా ఆపు, కానీ కామెంట్లు చెరపకు, అవి పోలీసులు చూడాలి. జరిగిందేమిటో నీ పేరుతో, అదే గ్రూపులో రాయి. తర్వాత ఆసుపత్రికి వచ్చి కోడలి ఎదుట కూర్చో. ఆమె తిడితే పడు. ఏడిస్తే ఓర్చుకో. నేను పక్కనే ఉంటాను. అలిగి నాతో మాట్లాడ్డం మానేసినా సరే, ఈ విషయంలో వెనక్కి తగ్గను.

నీకు నచ్చినా నచ్చకున్నా నీ మేలు కోరే,
అక్క

తా.క.: వీడియోలో ఉన్నది కోడలు కాదు, నేను. మాస్టారి గొంతుకు ముద్ద అడ్డం పడినప్పుడు ఆమె మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది. టోపీ, మాస్కు పెట్టుకుంటే మేమంతా ఒకేలా ఉంటాం, తోడబుట్టినదానిక్కూడా. మెట్ల మీద వాళ్లు "నువ్వు కాకపోతే ఎవరో చెప్పు, వదిలేస్తాం" అన్నారట. ఆమెకు నా పేరు తెలుసు, ఇల్లూ తెలుసు. నోరు విప్పలేదు. స్టేషనులో ఆ పేరు నేనే చెబుతాను.