బక్కయ్య తలకాయల నక్ష

ప్రాంతీయ నీటి సరఫరా కార్యాలయం

విశ్రాంత వాల్వ్ ఆపరేటర్ శ్రీ బక్కయ్య గారికి, నమస్కారం.

నీటి సరఫరా పునర్నిర్మాణ, పరిరక్షణ చట్టం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాని ప్రకారం పాత పైపులన్నీ తీసి కొత్తవి వేస్తున్నాం. లైన్ల నక్షను మా బీరువాలో చెదలు తినేశాయి. ఇంకో నక్ష మీ దగ్గర ఉందని అందరూ అంటున్నారు. అసలుతోపాటు రెండు జిరాక్సులు పది రోజుల్లో పంపగలరు.

భవదీయురాలు,
పద్మలత, అసిస్టెంట్ ఇంజినీర్

తా.క. జిరాక్సుల మీద గెజిటెడ్ సంతకం తప్పనిసరి.


బెల్లంపల్లి

పద్మలత మేడంకు బక్కయ్య వందనాలు. నేను, మా ఇంటామె దెబోరా ప్రభువు దయతోని మంచిగున్నం.

నక్ష ఉన్నమాట నిజమే గనీ కాయితం మీద లేదు, నా తలకాయల ఉంది. ముప్పై ఏండ్లు వాల్వులు తిప్పుకుంట తిరిగినోన్ని. యాడ తవ్వితే ఏ పైపు దొరుకుతదో కండ్లు మూసుకొని చెప్త. జిరాక్స్ ఎట్ల తీయాల్నో మీరే చెప్పుండ్రి.

మీ బక్కయ్య

తా.క. గెజిటెడ్ సారు తలకాయ మీద సంతకం పెడ్తడా అని దెబోరా అడుగుతుంది. జుట్టు లేదు, జాగ మస్తుంది.


బక్కయ్య గారికి,

మీ వెటకారం అందింది. నక్ష దాచడం చట్టంలోని తొమ్మిదో సెక్షన్ కింద నేరం. మీ పేట లైన్లన్నీ తవ్వి తనిఖీ చేస్తాం. సోమవారం పదకొండు గంటలకు హాజరు కావాలి.

భవదీయురాలు,
పద్మలత

తా.క. తల కూడా వెంట తెచ్చుకోగలరు.


మేడం గారికి దండాలు.

తనిఖీ అని చదివిన. మీకు సంగతి తెలిసిపోయిందని సమజైంది. ఇగ దాచి ఏం ఫాయిదా, ఒప్పుకుంటున్న. పందొమ్మిదేండ్ల కింద గుట్టకింది వాడల నలభై ఇండ్లకు సుక్క నీళ్లు లేకుండె. నిండు నెలల మనిషి ఒకామె బిందె మోసుకుంట చర్చి ముంగట పడిపోయింది. అర్జీలు పెడితే మంజూరు రాలే. నేనే పాత పైపులు జమచేసి పెద్ద లైనుకు కలిపిన. తప్పు నాది. నన్నేమన్న చేయుండ్రి, వాడకు మాత్రం నీళ్లు బంద్ చేయకుండ్రి.

బక్కయ్య

తా.క. నా బీపీ గోలీలు దెబోరా సంచిల సదిరిపెట్టింది. జైల్ల నల్లాలు కారుతుంటే బాగుచేసుకుంట ఉంట.


బక్కయ్య గారూ,

మాకేం తెల్వదండీ! నేను అడిగింది నక్ష ఒక్కటే. ఆ వాడ మా జాబితాలోనే లేదు. మీరు రాయకపోతే పాత లైన్ కోసిన రోజే నలభై ఇండ్లకు నీళ్లు ఆగిపోతుండె. పదకొండో సెక్షన్ చూడండి: పన్నెండేండ్లకు మించి జనం వాడుకుంటున్న ఏ లైనైనా సర్కారు లైనే. కొత్త పైపు వేయాల్సిందే. శిక్ష లేదు. సోమవారం జీపు పంపిస్త, దారి చూపించండి. కరీంనగర్‌ల మా అవ్వకు మీ ఉత్తరం చదివి వినిపిస్తే, ముందు మీకు దండం పెట్టుమన్నది.

పద్మలత

తా.క. గోలీలు సంచిలకెల్లి తీయమనండి.


పద్మలత బిడ్డకు, దెబోరా, నేను ఇచ్చే దీవెనలు.

నిన్న వాడల కొత్త పైపులు దించిండ్రు. ఆడోళ్లు నల్లాలకు పసుపు రాసిండ్రు. పదకొండో సెక్షన్ రాసినోళ్లు సల్లగుండాలె. గా ధైర్యంతోనే ఇంకో దొంగ లైన్ సంగతి చెప్తున్న, రాసుకో. పదహారేండ్ల కిందటిది. అక్కడి పెద్దసారు ఎన్ని అర్జీలు పెట్టినా పైకెల్లి జవాబు రాలే. చాయ్‌కి గూడ నీళ్లు లేక పరేషాన్ అయితుండిరి. పాపమనిపించి నేనే గుంజిన.

మీ బక్కయ్య

తా.క. అది మీ ఆఫీసు నల్లా.