జాలీలో బంతిపూలు

ఈశ్వర్,

పడవ ఇంజన్ పెరట్లో ఉంది. పంపులో రబ్బరు చక్రానికి ఒక రెక్క తెగింది, కొత్తది వేశాను. నదికి తీసుకెళ్ళేముందు డ్రమ్ములో కుళాయి నీళ్ళు పట్టి, దాన్ని అందులో ముంచి కాసేపు నడుపు, లోపలి ఇసుక పోతుంది. పక్క బెజ్జంలోంచి నీళ్ళు ధారగా చిమ్మాలి. చిమ్మకపోతే వెంటనే ఆపెయ్యి. కింద నీళ్ళు లాక్కునే చోట ఉన్న జల్లెడలాంటి జాలీని ప్రతిసారీ చూసుకో.

ఆ జాలీ సంగతే చెప్పాలి. పొద్దున చూస్తే దాని నిండా బంతిపూల రెక్కలు, దండ దారం. అవి మన దేవుడి గదివే. మీ అమ్మ సంచిలో కట్టి ఇచ్చే పూజ పూలను ఆరంగ్ దగ్గర మహానదిలో కలిపేది నేనే కదా. నిన్న నడుస్తున్న ఇంజన్ పక్కనే గుమ్మరించాను. నువ్వు "అక్కడ వెయ్యకు నాన్నా" అన్నావు కూడా. నది మధ్యలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయేసరికి, "జాలీ సాఫ్ చెయ్యడం కూడా రాదురా నీకు?" అని పడవలో అందరి ముందూ నీ మీద అరిచాను. నువ్వు తెడ్డు అందుకున్నావు. ఇంటికొచ్చాక మీ అమ్మ కూడా నిన్నే తిట్టింది. నేను వింటూ కూర్చున్నాను.

రోజూ రైల్వేలో ఇంజన్లు బాగుచేసేవాణ్ణి నేను, ఆ మాత్రం నాకే తెలియాలి. నీ మొహం చూడలేక నువ్వు లేవకముందే డ్యూటీకి వెళ్ళిపోతున్నాను.

నాన్న

ఈ చీటీ మడిచి నీ చొక్కా జేబులో పెట్టబోయాను. తిట్టింది అందరి ముందు కదా, అందుకే ఫ్రిజ్‌కి అంటించాను. ముందు మీ అమ్మే చదువుతుంది. చదవనీ.