వెనుక తలుపుకు మడిపంచె

సుభద్రా,

నీ సంవత్సరీకానికి నిన్న కృష్ణానదికి వెళ్ళివచ్చాము. మన రఘు తన వ్యానును పడకలతో, పొయ్యితో చిన్న ఇల్లుగా మార్చుకున్నాడు. నేనూ, వాడూ, నీ మనుమరాలు చిన్నీ అందులోనే ఎల్బీనగర్ నుంచి బయలుదేరాము. తుర్కయంజాల్ దాటాక, రోడ్డు పనుల వలన మట్టిదారి పట్టవలసి వచ్చింది.

వెనుక తలుపు సందులోంచి ఎర్రదుమ్ము లోపలికి కమ్ముకొచ్చింది. చిన్నీ దగ్గసాగింది. ఆ దగ్గు చివర సన్నని ఈల వినబడింది. నీ ఆయాసం మొదలైననాడు నేను విన్నదీ అటువంటి ఈలే. నోటికి ఒక్క శ్లోకమూ రాలేదు.

"నాన్నా, వెనక సందు మూయుండ్రి! బండి ఉరుకుతుంటే దుమ్మును గా సందులకెల్లే గుంజుతది!" అని రఘు అరిచాడు. వెనుక లారీలు తరుముకొస్తుండగా ఆపే వీలు లేదు.

చేతికందినది శ్రాద్ధానికి తెచ్చుకున్న మడిపంచె. దానిమీద నీళ్ళు కుమ్మరించి, సందులో కుక్కి, అదిమిపట్టాను.

దుమ్ము తగ్గింది. చిన్నీ ఇన్‌హేలరు పీల్చుకొని, కాసేపటికి కళ్ళు తెరిచింది. "తాతా, మడిబట్ట పెట్టినవా? నానమ్మ ఉంటే నిన్ను బండి దింపుతుండె!" అంది.

నదిలో ఎంత జాడించినా ఎరుపు పోలేదు. ఆ పంచె కట్టుకొనే నీకు తిలోదకాలు వదలబోయాను. నీ పేరు పలకవలసిన చోట చిన్నీ పేరు పెదవుల దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకొని, ఒడ్డుకేసి చూశాను. అది గులకరాళ్ళు ఏరుకుంటున్నది.

అప్పుడు నీ పేరు పలికాను.