అరని పావుతో భాగించిన పాఠం

అన్నయ్యా, నేను, చిన్నోణ్ణి. బాగున్నావా అని అడగకూడదేమో... నువ్వు పోయి ఏడాది దాటి మూడు నెలలైంది.

నా రాత నీకు తెలుసుగా. మూడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకో. నోటితో చెప్పమంటే ఇంత కూడా చెప్పలేను.

నేనింకా వన్ టౌన్‌లో ఆ గుడ్డల కొట్లోనే ఉన్నాను. రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ వచ్చిన రోజున వీధి చివరిదాకా జనం. కొలవడం, చింపడం... సాయంత్రానికి చేతులు లాగేస్తాయి.

అమ్మ బానే ఉంది. అన్నం తింటోంది. కానీ నీ మాస్టారు ట్రైనింగ్ పరీక్షకొచ్చిన ఆ ఇన్‌స్పెక్టరు గారిని తిట్టని రోజు లేదు. "నా బిడ్డ అంత బాగా పాఠం చెప్పినా సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఆ దిగులుతోనే మంచం పట్టాడు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నేను తల దించుకుని వింటూ ఉంటాను.

నీకొకటి చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

ట్రైనింగ్ స్కూల్ నుంచి రాగానే నన్ను గుమ్మంలో కూర్చోబెట్టేవాడివి, గుర్తుందా? మర్నాడు మిడిల్ స్కూలు పిల్లలకు చెప్పబోయే లెక్క ముందు నాకు చెప్పేవాడివి. తలుపు మీద సుద్దతో రాసేవాడివి. "ఒరేయ్, నీకర్థమైతే ఇంకెవడికైనా అర్థమవుద్దిరా" అని నవ్వేవాడివి. "తెలీకపోతే తెలీలేదను. నాకు అసలు పరీక్ష నువ్వే" అనేవాడివి.

పరీక్ష ముందు రోజు భిన్నాల భాగహారం చెప్పావు. అరని పావుతో భాగించాలి. "రెండోదాన్ని తిరగేసి గుణించు, అంతే" అన్నావు. జవాబు రెండు వచ్చింది. నాకు ఒకటే అనుమానం... భాగిస్తే తగ్గాలిగా, అర కాస్తా రెండెలా అయింది? నోటిదాకా వచ్చింది. కానీ అరుగు మీద పక్కింటివాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఇంత వయసొచ్చి ఇది కూడా తెలీదా అని నవ్వుతారేమోనని సిగ్గేసింది. "అర్థమైంది" అన్నాను. నువ్వు రెండోసారి అడిగావు. రెండోసారీ అదే అన్నాను.

మర్నాడు క్లాసులో ఒక పిల్లాడు లేచి సరిగ్గా అదే అడిగాడట. ఇన్‌స్పెక్టరు గారు వెనక బెంచీలో ఉన్నారట. నువ్వు మళ్లీ తిరగేసి గుణించమనే చెప్పావట. వాడు మళ్లీ అడిగాడట. నీతో పాటే పరీక్ష తప్పిన సాంబయ్య గారు చెప్పారు ఇదంతా. నువ్వు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నావు. నాకేసి కాసేపు చూసి, "అన్నం తిన్నావా?" అన్నావు. అంతే. ఎందుకలా చూశావు?

మళ్లీ పరీక్ష ఏడాదికి. రెండు నెలలకే నువ్వు జ్వరంతో పోయావు...

ఈ ఏడు పరీక్షకు ముందు సాంబయ్య గారు మనింటికొచ్చారు. ఆయనకూ అదే పాఠం ఇచ్చారట. "మీ అన్నయ్య నిన్ను కూర్చోబెట్టుకుని చెప్పేవాడుగా, నాక్కూడా కాసేపు కూర్చో తమ్ముడూ" అన్నారు. కూర్చున్నాను. ఆయనా తిరగేసి గుణించారు. ఈసారీ సిగ్గేసింది. చివరికి "తెలీలేదండీ" అన్నాను.

"ఏది తెలీలేదు?"

"భాగిస్తే పెరిగిందేంటండీ?"

ఆయన సుద్ద కింద పెట్టేశారు. "నిజం చెప్పనా? నాకూ తెలీదు. మాకు చెప్పినవాళ్లూ ఇంతే చెప్పారు" అన్నారు.

ఇద్దరం ఆ లెక్క మళ్లీ వేసి చూశాం. అప్పుడు కొట్లో పని గుర్తొచ్చింది నాకు. అరగజం గుడ్డలో పావుగజం ముక్కలు ఎన్ని వస్తాయి? రెండు. గుడ్డేమీ పెరగలేదు... ముక్కలు లెక్కపెట్టామంతే. ఆ మాట చెబితే సాంబయ్య గారు నా వీపు మీద ఒక్కటి చరిచి, "నువ్వు కదరా మాస్టారివి!" అన్నారు. పరీక్షకి అరగజం గుడ్డ తీసుకెళ్లి పిల్లల ముందే చింపారు. పాసయ్యారు. ఉయ్యూరులో లెక్కల మాస్టారు లేకపోవడంతో డ్రాయింగు మాస్టారే లెక్కలు చెబుతున్న బళ్లో చేరారు.

రోజూ నేను చింపే గుడ్డే అన్నయ్యా. ఆ రోజు నోరు తెరిచి ఉంటే మనిద్దరికీ అప్పుడే తట్టేదేమో...

సాంబయ్య గారు మిఠాయి తెస్తే అమ్మ ముట్టలేదు. "నా కొడుక్కివ్వంది నీకెలా ఇచ్చారయ్యా? ఎవర్ని పట్టుకున్నావు?" అని మొహం మీదే అంది. ఆయన పొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

నిన్న పొద్దున్న అమ్మకి చెప్పేశాను. బియ్యం చెరుగుతోంది. అరా పావూ సంగతి అమ్మకి ఎక్కలేదు గానీ, నేను అబద్ధం చెప్పానన్నది ఎక్కింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేట పక్కన పెట్టి, "వాడికి తెలుసా?" అంది.

తెలీదమ్మా అన్నాను. నాకు నిజంగానే తెలీదు. నీకు తెలుసా అన్నయ్యా? ఆ చూపు అదేనా?

అమ్మ చేట తీసుకుని మిగతా బియ్యం చెరిగింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఆదివారం ఉయ్యూరెళ్లి ఆ అబ్బాయిని భోజనానికి పిల్చుకురా. అనరాని మాట అన్నాను" అంది.

వెళ్తాను. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. బడి ఎక్కడో, ఆయన ఇల్లెక్కడో తెలీదు.

అడుగుతాను.

నీ తమ్ముడు,
చిన్నోడు